రామ్‌కోటిలో పాత ఫ్లాటు: కొనేముందు సెల్లార్‌లో ఏముందో చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ శ్రీమతి హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, మీ ఉద్యోగం నగరానికి పడమటి వైపున్న రాయదుర్గంలో. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు మీతోనే ఉంటారు. రామ్‌కోటిలో 1994లో కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో 1,150 చదరపు అడుగుల ఫ్లాటు 68 లక్షలకు వస్తోంది. నగరమంతా పడమటికి జరిగిపోతున్న రోజుల్లో నడిబొడ్డున డబ్బు పెట్టడం తెలివైన పనేనా, కుటుంబంతో అక్కడ ప్రశాంతంగా బతకగలమా అని అడిగారు. నేను 27 ఏళ్లుగా బ్యాంకుల తరఫున ఇళ్లకు, దుకాణాలకు విలువ కట్టే పనిలో ఉన్నాను. 1996 నుంచి ఆ పక్కనే ఉన్న హనుమాన్ టేక్డీలోనే కాపురం ఉంటున్నాను. వృత్తిరీత్యా తెలిసింది ఒకటైతే, ఇంటికి వచ్చాక మా ఆవిడ చెప్పింది మరొకటి. రెండూ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ గురించి చెప్పాలి. కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ పని అయిపోయిందని హైటెక్ సిటీ వైపు స్థిరపడినవాళ్లు తరచుగా అంటుంటారు. ఇక్కడ వ్యాపారం చావలేదు, ఆ సూచనలు కూడా నాకు కనబడడం లేదు. తగ్గుతున్నవి కాపురాలు. వ్యాపారం కళకళలాడుతున్న గల్లీలోనే ఏడాదికి ఒకటో రెండో కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లిపోతున్నాయి. మీరు కొనబోయే ఫ్లాటు భవిష్యత్తు అంతా ఈ రెంటి మధ్య పోటీలోనే ఉంది.

వ్యాపారం ఎందుకు చావదో అర్థం కావాలంటే అది ఇక్కడ ఎలా వేళ్లూనుకుందో చూడాలి. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు భవనం పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడ లేచింది. దాని చుట్టూ ఉన్న బజారు రెసిడెంటు అధికార పరిధిలో ఉండడంతో సాహుకార్లు, వర్తకులు ఇక్కడికి చేరుకున్నారు. 1933లో ఆ ప్రాంతం తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు రెసిడెన్సీ బజారు కాస్తా సుల్తాన్ బజార్ అయింది. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఇక్కడే ఉండడం కూడా ఊరికే జరగలేదు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్థులు, వర్తకులు ఒకేచోట కాపురాలుండిన పేట ఇది.

ఆ ముగ్గురిలో ముందుగా వెళ్లిపోయినవాళ్లు ఉద్యోగస్థులు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత కొత్త కొలువులన్నీ అటు పుట్టాయి, ఇక్కడి పాత కొలువులు మెల్లగా కరిగాయి. గన్‌ఫౌండ్రీ ప్రధాన కార్యాలయంగా నడిచిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకు పేరు మాయమైనా ‘కోఠి ఆంధ్రా బ్యాంక్’ అనే బస్‌స్టాపు మాత్రం జనం నోట అలాగే ఉంది. ఆ కార్యాలయాల మీద ఆధారపడిన మధ్యాహ్న భోజనం హోటళ్లు, టైపు, జిరాక్సు దుకాణాలు, పొదుపుగా బతికే గుమాస్తా కుటుంబాలు, వాళ్ల పిల్లలు చదివే చిన్న చిన్న తెలుగు మాధ్యమం బడులు వరుసగా పలచబడ్డాయి. ఆర్థికంగా ఈ ప్రాంతానికి తగిలిన అసలు దెబ్బ అదేనని నా అభిప్రాయం.

వర్తకులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ట్రూప్ బజార్‌లో కరెంటు సామాను, శానిటరీ సామాను. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు, సీసీ కెమెరాలు. కోఠిలో పాఠ్యపుస్తకాలు, ఆసుపత్రి పరికరాలు. కాస్త అవతల బేగంబజార్ టోకు వర్తకం. ఆన్‌లైన్ అమ్మకాలు వీటిని మింగేస్తాయని పదేళ్లుగా వింటున్నాను. చీరలు, చెప్పులు, ఫోన్లు అమ్మే దుకాణాలకు గట్టి దెబ్బే తగిలింది. అయితే ట్రూప్ బజార్‌లో పావుగంట నిలబడి చూడండి. ప్లంబరు సంచిలోంచి ఇరవై ఏళ్లనాటి కుళాయి కడుపులోని ఇత్తడి ముక్క తీసి కౌంటరు మీద పెడతాడు. దుకాణదారు దాన్ని వేళ్లతో తిప్పి చూసి, లోపలికి కేకేసి, రెండు నిమిషాల్లో దానికి జోడీ తెప్పిస్తాడు. డబ్బు శనివారం ఇస్తానంటే పుస్తకంలో రాసుకుంటాడు. ఆ ముక్కను గుర్తుపట్టే కన్ను, ఆ అరువు, అప్పటికప్పుడు చేతికందే సరుకు, ఈ మూడూ ఒకచోట దొరికినంత కాలం ఈ బజారుకు ఢోకా లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, చిల్లర కొనుగోళ్లకు శివార్ల నుంచి కూడా ఆడవాళ్లు రావడం మా గల్లీ చివరన కూర్చుని చూసినా తెలుస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. వర్తకం పెరిగిన కొద్దీ దుకాణం వెడల్పు పెరగదు, సరుకు పెరుగుతుంది. రోడ్డు మీద మడిగె పది అడుగులే. దాని సరుకు పెట్టుకోవడానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో గది కావాలి. అందుకు దొరికేవి వెనక గల్లీల్లోని ఇళ్లు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లు, కింది అంతస్తుల్లోని ఫ్లాట్లు. గోడౌనుకు అద్దెకిస్తే కాపురానికి ఇచ్చినదానికన్నా ఎక్కువ వస్తుంది. పైగా అట్టపెట్టెలు నీళ్లు రావడం లేదని అడగవు, బాత్రూము కారుతోందని ఫోను చెయ్యవు, పండక్కి సున్నం వేయించమనవు. ఒక ఫ్లాటు గోడౌను కాగానే పక్కింటివాళ్లకు రాత్రుళ్లు హమాలీల చప్పుడు మొదలవుతుంది; వాళ్లు ఖాళీ చేస్తే ఆ ఫ్లాటూ అదే దారి పడుతుంది. బయటినుంచి చూసేవారికి ‘డిమాండు ఉన్న ప్రాంతం’గా కనబడే గల్లీ, లోపల ఉండేవారికి రాత్రి తొమ్మిది దాటితే మనిషి అలికిడి లేని గల్లీగా మారుతుంది.

నిరుడు ఒక బ్యాంకు పనిమీద ఇలాంటి భవనానికే వెళ్లాను. పన్నెండు ఫ్లాట్లకు అయిదింటిలోనే మనుషులున్నారు. సెల్లార్‌లో కారు ఒక్కటీ లేదు, ప్లాస్టిక్ సామాను పెట్టెలు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. కరెంటు మీటర్ల బోర్డు ఆ పెట్టెలకు బెత్తెడు దూరంలో ఉంది. రెండో అంతస్తు మెట్ల మలుపులో కూడా సరుకే. పై ఫ్లాటులో ఉండే పెద్దావిడ ఒక చేత్తో పాల ప్యాకెట్టు, మరో చేత్తో గోడ పట్టుకుని, పక్కకు తిరిగి ఆ సందులోంచి ఎక్కడం చూశాను. ‘అలవాటైపోయింది నాయనా’ అన్నారు. నా నివేదికలో ఆ ఫ్లాటు విలువను కొలతల ప్రకారమే రాశాను, కానీ ఆ మెట్ల ఫొటో రెండు జతపరిచాను.

ఇది కేవలం అసౌకర్యం కాదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది భాగంలో రసాయనాలు నిల్వ ఉన్న నివాస భవనం అంటుకుని కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో పదిహేడుమంది పోయారు. అక్కడా లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారే. అందుకే సెల్లార్‌లో ఏముంది, మెట్ల మీద ఏముంది, రెండో దారి ఉందా అన్నవి రేటు కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతులు. చూడడానికి పగలు ఏజెంటుతో కాకుండా ఒక మామూలు రోజు రాత్రి పదకొండుకు మీరిద్దరే వెళ్లండి. పగలు భారీ లారీలను నగరం లోపలికి రానివ్వరు గనుక సరుకు దిగేది ఆ వేళకే. సొసైటీ కార్యదర్శిని పలకరించి, సెల్లార్‌కు ఆస్తి పన్ను నంబరు విడిగా ఉందా అని అడగండి. పార్కింగ్ కోసం అనుమతి పొందిన సెల్లార్ ఏళ్ల తరబడి నివాసేతర పన్ను కడుతూ ఉంటే, అది తిరిగి మీ కారుకు దక్కుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇక 68 లక్షల లెక్క. మీరు పంపిన వివరాల ప్రకారం 760 గజాల స్థలంలో 20 ఫ్లాట్లు, మీ వంతు అవిభాజ్య వాటా (నేలలో విడదీయకుండా అందరితో కలిసి ఉండే వాటా) 38 గజాలు. ఇలాంటి భవనానికి మేము కట్టే లెక్క సులువైనదే. ఈ రోజు అలాంటి ఫ్లాటు కట్టడానికి చదరపు అడుగుకు రెండు వేలు వేసుకుంటే 23 లక్షలు. కాంక్రీటు భవనం ఆయుష్షు అరవై ఏళ్లనుకుంటే సగానికి పైగా గడిచింది కాబట్టి కట్టడం విలువ పదకొండు లక్షల చిల్లరకు మించదు. మిగిలిన 56 లక్షల పైచిలుకు మీరు 38 గజాల నేలకు ఇస్తున్నారు, అంటే గజం సుమారు లక్షా నలభై తొమ్మిది వేలు. ఆ ధర సబబా కాదా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పకూడదు. ఆ గల్లీలోనే గత రెండేళ్లలో అమ్ముడైన పాత పెంకుటిళ్లు, శిథిల గృహాల గజం ధర కనుక్కోండి. అవి కూలగొట్టి కట్టుకోవడానికే కొంటారు గనుక వాటి ధరే నేల అసలు ధర. అయితే స్వతంత్రంగా ఉన్న గజానికీ, ఇరవైమందితో కలిసి ఉన్న గజానికీ ఒకే విలువ ఉండదు. నేనైతే వాటా గజానికి పావువంతు తగ్గించి చూస్తాను. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, అంటే మరో అయిదు లక్షల పది వేలు, దీనికి అదనం.

‘పాతబడితే పడగొట్టి మళ్లీ కడతారు కదా, అప్పుడు కొత్త ఫ్లాటు వస్తుంది’ అని ఏజెంటు మీకు చెప్పే ఉంటాడు. దీన్ని నమ్మి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వవద్దు. 2012నాటి 168 నంబరు జీవో ప్రకారం 18 మీటర్ల ఎత్తు దాటితే అది హైరైజ్ (ఎత్తైన భవనం) కిందికి వస్తుంది. దానికి పెద్ద స్థలం, కనీసం 12 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం ఏడు మీటర్ల ఖాళీ కావాలి. మీ 760 గజాలు 635 చదరపు మీటర్లే, ముందున్న రోడ్డు పాత గల్లీ. ఇప్పుడున్నంత ఎత్తుకే మళ్లీ కట్టాలన్నా ఈనాటి నిబంధనల ప్రకారం వదలవలసిన ఖాళీలు, పార్కింగ్ పోగా ఇరవైమందికి ఇరవై ఫ్లాట్లు రావడమే కష్టం, బిల్డరుకు మిగిలేదేమిటి? పైగా ఇరవైమంది ఒక్కమాట మీదికి రావాలి. వాళ్లలో ముగ్గురు అమెరికాలో ఉంటారు, ఒకరి వాటా అన్నదమ్ముల తగువులో ఉంటుంది. ఈ ప్రాంతంలో ఇలాంటి బేరాలు సగంలో ఆగిపోవడమే నేను ఎక్కువగా చూశాను.

బ్యాంకు అప్పు విషయంలో భయం అక్కర్లేదు, కాగితాలు సరిగా ఉంటే. మిగిలిన ఆయుష్షు అప్పు గడువుకన్నా ఎక్కువ ఉందని విలువ కట్టేవారు రాస్తే పదిహేనేళ్ల అప్పు మామూలుగా వస్తుంది. స్తంభాల దగ్గర, బాత్రూముల కింద సిమెంటు ఊడి ఇనుము కనబడుతోందేమో చూడండి. అనుమానం ఉంటే కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించండి, దానికయ్యే ఖర్చు ఫ్లాటు ధర ముందు చాలా చిన్నది. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) మాత్రం ఫ్లాటుతో ఆపకుండా స్థలందాకా వెనక్కి వెళ్లి చూపించుకోవాలి. ఇక్కడి మూలపత్రాలు చాలావాటికి ఉర్దూ దస్తావేజులే ఆధారం. వాటిని చదివించి తెలుగు చేయించుకోకుండా ‘ఈసీ క్లియర్‌గా ఉంది’ (ఈసీ అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) అన్న మాట మీద సంతకం పెట్టకండి. వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములతో సరిహద్దు పంచుకునే స్థలాలు ఈ పేటల్లో ఎక్కువ. సర్వే నంబరు లేదా ఇంటి నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఎ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. ఫ్లాటులో ఇప్పుడు అద్దెకున్నవారుంటే వాళ్లు ఖాళీ చేశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

రోజువారీ బతుకు గురించి మా ఆవిడ మాటల్లోనే చెప్తే, ‘చేతికందే దూరంలో అన్నీ ఉంటాయి, చేతికి గాలి మాత్రం తగలదు’. కూరలకు బడీ చౌడీ, మందులకు నాలుగడుగులు, పిల్లల పుస్తకాలకు కోఠి. మీ అమ్మగారికి రాత్రిపూట ఇబ్బంది వచ్చినా పది నిమిషాల్లో ఆసుపత్రి చేరగలరు. మీ శ్రీమతికి నైట్ డ్యూటీ దిగి నడిచి ఇంటికి వచ్చే సదుపాయం ఎంత గొప్పదో, రోజూ మూడు గంటలు బస్సులో గడిపినవారికే తెలుస్తుంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. గృహ కనెక్షన్లకు నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం, అపార్ట్‌మెంట్లయితే ఫ్లాటు లెక్కన వర్తిస్తుంది. మీటరు పనిచేస్తోందా, ఆధార్ జతపరిచారా అన్నది సొసైటీని అడగండి. పాత గొట్టాల వల్ల వానాకాలంలో డ్రైనేజీ పొంగడం మాత్రం మామూలే. కింది అంతస్తువాళ్లు పడే బాధ మూడో అంతస్తుకు రాదు. కానీ మూడో అంతస్తంటే లిఫ్టు మాట వస్తుంది. 1994నాటి లిఫ్టును ఎప్పుడు మార్చారు, కరెంటు పోతే జనరేటరు దానికి ఉందా అన్నది మీ అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా సెల్లార్ తరువాతి ముఖ్యమైన ప్రశ్న.

కారు గురించి రెండు ముక్కలు. 2019లో నేను నాది అమ్మేశాను, ఆ తరువాత బీపీ తగ్గిందని మా డాక్టరు గారు అన్నారు. గణేశ్ నిమజ్జనం రోజు ప్రధాన ఊరేగింపు చార్మినార్ మీదుగా మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్ దాటి ట్యాంక్‌బండ్‌కు సాగుతుంది. ఆ రోజు, మరునాటి పొద్దుదాకా బండి బయటికి తీయలేరు. శ్రీరామనవమి శోభాయాత్ర వచ్చి ముగిసేది సుల్తాన్ బజార్‌లోనే. జనవరి 1 నుంచి నెలన్నరపాటు నుమాయిష్ (పారిశ్రామిక ప్రదర్శన) రద్దీ నాంపల్లి నుంచి ఇటు పొంగుతుంది. ఇవి మాకు పండుగలే గాని, అదే రోజు పెళ్లికో విమానానికో వెళ్లవలసి వస్తే ముందురోజే బయలుదేరాలి.

మీ ఆఫీసుకు మెట్రో మేలు. సుల్తాన్ బజార్ స్టేషన్ దగ్గరే కదా అని అక్కడ ఎక్కితే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అమీర్‌పేటల్లో రెండుసార్లు మారాలి, లేదంటే పరేడ్ గ్రౌండ్ మీదుగా చుట్టు తిరగాలి. దానికన్నా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌దాకా ఆటోలో వెళ్లి ఎర్ర లైను ఎక్కితే అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు, నీలి లైను నేరుగా రాయదుర్గంలో దింపుతుంది. మా అబ్బాయికి ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీదాకా గంటా పది నిమిషాలు పడుతోంది. ఈ మెట్రో కోసం సుల్తాన్ బజార్ వర్తకులు కొందరు తరాలనాటి దుకాణాలు పోగొట్టుకున్నారు, ఏళ్లపాటు పోరాడారు. 2020 ఫిబ్రవరిలో సుల్తాన్ బజార్ మీదుగా వెళ్లే లైను మొదలైన నాటికి బజారు ముఖమే మారిపోయింది. దానివల్ల లాభపడింది ఎవరన్న విషయంలో ఇప్పటికీ మా టీ కొట్టు దగ్గర ఏకాభిప్రాయం లేదు.

రాబోయే పదేళ్లలో ఈ చుట్టుపక్కల లెక్క మార్చగలిగింది నాకు ఒకటే కనబడుతోంది. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది, రెండు వేల పడకలని ప్రకటించారు. అది పూర్తయి నడిస్తే డాక్టర్లు, నర్సులు, విద్యార్థులు, రోగుల బంధువులు ఇక్కడే గదులు వెతుక్కుంటారు. గోడౌనుకన్నా కాపురానికి ఇవ్వడమే లాభమనే రోజు ఈ వెనక గల్లీలకు మళ్లీ రావచ్చు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు మెట్రో పొడిగింపు కూడా ప్రతిపాదనలో ఉంది గాని, పట్టాల మీద బండి కదిలేదాకా నేను దాన్ని ధరలో కలపను. పడమటి శివారు కోకాపేటలో పెరిగినట్టు ఇక్కడ ధర పెరుగుతుందని ఆశించి కొంటే నిరాశపడతారు. మీ శ్రీమతి ఉద్యోగం ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లుంది, ఆ కాలమంతా అద్దె, ప్రయాణం, అలసట తప్పుతాయి అన్న లెక్కతో కొంటే మాత్రం నష్టపోరు.

కాబట్టి నా సలహా ఇలా. ఇరవై ఫ్లాట్లలో కనీసం పద్నాలుగింటిలో కాపురాలుండి, సెల్లార్‌లో వాహనాలే ఉండి, మెట్లు ఖాళీగా ఉంటే 60 లక్షలకు బేరమాడి, 62 దగ్గర ఆగండి. సగానికి పైగా గోడౌన్లయితే 50కి ఇచ్చినా వద్దు. అదే డబ్బుతో నారాయణగూడలోనో కింగ్ కోఠిలోనో ఇంకాస్త చిన్న ఫ్లాటు చూడండి, ఆసుపత్రికి పెద్ద దూరం కాదు. సెల్లార్ పరిస్థితి అటూ ఇటూ కాకుండా ఉంటే, మీకు చెందిన పార్కింగ్ స్థలాన్ని ఖాళీ చేయించి, సుద్దతో గీత గీసి, ఫ్లాటు నంబరు రాసి అప్పగించిన తరువాతే రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి. అమ్మేవారు ఆ వాక్యానికి ఏమంటారో విని, మళ్లీ నాకు రాయండి.